కర్నూలు బుడ్డల నూనె ఢిల్లీ దాకా

ఆ మొద్దు కాస్త లోపలికి తొయ్యి అబ్బీ, పొగంతా నా మొహానికే కొడుతోంది. ఆఁ, చాల్లే. ఏమంటివి పాపా? సివిల్ ప్రొసీజర్ కోడు తెరిస్తే నిద్రొస్తుందా? రాదూ మరి! ఆర్డర్లు, రూళ్లు, సెక్షన్లు వరసబెట్టి చదివితే ఎవరికైనా నిద్రే. నేను కోడు చదవలేదు, చంకన పెట్టుకుని మోసినా. మీ మాస్టర్లు సెక్షన్లు చెప్తారు గాని వాటి వెనకున్న బుడ్డల బస్తాల సంగతి, అదే వేరుశనక్కాయల సంగతి, చెప్పరు. అది నేను చెప్తా, వినండి.

నేను కర్నూల్లో వకీలు గుమాస్తాగా చేరింది 1956లో, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడు. అంతకుముందు మూడేళ్లు మన కర్నూలే ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. గుడారాల్లో ఆఫీసులు నడిచినాయి. శ్రీబాగ్ ఒడంబడిక పుణ్యమా అని రాజధాని మనకొస్తే హైకోర్టు గుంటూరుకు పోయింది. ఊళ్లో మంత్రులుండి ఏం లాభం? అప్పీలు వేయాలంటే డోన్‌లో బండి మారి, నంద్యాల, మార్కాపురం మీదుగా మీటర్ గేజి రైల్లో గుంటూరు పోవాల. మా పెద్ద గుమాస్తా ఆ కాగితాల కట్టల్ని తలకింద పెట్టుకుని పండేవాడంట, ఎవడన్నా ఎత్తుకుపోతాడని.

ఆ బస్తాల తగాదాలన్నీ సేల్ట్యాక్సు మీదే, అది ఎట్ల వచ్చిందో ముందు చెప్పాల. రాజాజీ మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు సారా, కల్లు బందు పెట్టినాడు. సేలం జిల్లాలో మొదలుపెట్టి మన చిత్తూరు, కడప జిల్లాలకూ తెచ్చినాడు. అబ్కారీ రాబడి పోయె. ఆ గుంట పూడ్చడానికి 1939లో మద్రాసు జనరల్ సేల్స్ ట్యాక్సు చట్టం తెచ్చినాడు. సరుకు ఏదైనా, అమ్మకం మీద పన్ను. దేశంలో ఇట్లాంటి పన్ను మొదట వేసింది మద్రాసే. నేను చేరేనాటికి పాత లెక్కలన్నీ రూపాయికి మూడు పైలు, అంటే ఒక కాని. ఇప్పుడు మీకు నవ్వులాటగా ఉంటుంది గాని, ఆ కాని కోసం షావుకార్లు చిట్టా, ఆవర్జా చంకనబెట్టుకుని మా అరుగు మీద కూర్చునేవాళ్లు.

బుడ్డలకు మాత్రం లెక్క వేరు. మన సీమలో పండేదే అది కదా, దానికి ప్రత్యేకంగా రూల్సు రాసినారు. పన్ను కొనుగోలు దగ్గరే. ఆ బుడ్డల్ని మిల్లులో ఆడించి నూనె, చెక్క తయారుచేసేవాడు రిజిస్టరు చేయించుకుంటే, నూనె అమ్మకం లెక్కలోంచి బుడ్డల విలువ తీసేసుకోవచ్చు. ఒకసారి బుడ్డల మీద కట్టినాం, మళ్లీ నూనె పేరుతో ఆ విలువ మీదే కట్టడమేంది అని. న్యాయమైన రూలే.

ఇప్పుడు తగాదా చూడండి. కర్నూల్లో తుంగభద్ర ఇండస్ట్రీస్ అని నూనె కంపెనీ. వాళ్లు ఉత్త నూనె తీసేవాళ్లు, దాన్ని శుద్ధిచేసి రిఫైన్డ్ నూనె చేసేవాళ్లు, ఇంకా ముందుకు పోయి వనస్పతీ చేసేవాళ్లు. అదే, మీ అవ్వ పండగలప్పుడు లడ్లకు వాడేది. నూనెను వేడిచేసి, నికెల్ పొడి సాయంతో హైడ్రోజన్ వాయువు పట్టిస్తే అది నెయ్యిలాగ పేరుకుంటుంది. అధికారులేమన్నారు? ఉత్త నూనెకైతే మినహాయింపు ఇస్తాం, వనస్పతి బుడ్డల నూనె కాదు, వేరే సరుకు, దానికి ఇవ్వం అన్నారు. పన్ను ఆఫీసు దాటి, ట్రిబ్యునలు దాటి, గుంటూరు హైకోర్టుకు పోయింది. 1955లో హైకోర్టు కూడా వనస్పతి వేరే సరుకే అనింది. కంపెనీ ఢిల్లీ పోయింది.

1960 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. జస్టిస్ రాజగోపాల అయ్యంగారు రాసినాడు. మా వకీలుగారు ఆ రిపోర్టు తెప్పించి, పక్క గదిలో ఉన్న జూనియర్లందర్నీ పిలిచి చదివినాడు. నేను తలుపు దగ్గర నిలబడి విన్నా. ఆ జడ్జిగారు వంటింట్లోకి పోయినట్టే రాసినాడు. నూనెలు మామూలుగా ద్రవంగా ఉంటాయి, చలికి గడ్డకడతాయి. బుడ్డల నూనెను రిఫ్రిజిరేటర్లో చాలాసేపు పెడితే అదీ పేరుకుంటుంది. అంతమాత్రాన అది బుడ్డల నూనె కాకుండా పోతుందా? ద్రవంగా ఉంటేనే నూనె అని ఎక్కడుంది? రిఫైన్డ్ నూనె బుడ్డల నూనే అని సర్కారే ఒప్పుకుంటోంది. హైడ్రోజన్ పట్టించినా, లోపల అణువుల కూర్పు కొంత మారినా వాడకం అదే, వంటకే. కాబట్టి వనస్పతి కూడా బుడ్డల నూనే. కంపెనీ గెలిచింది. కర్నూల్లో అప్పటికి రిఫ్రిజిరేటర్ చూసినవాళ్లు ఎంతమంది! మా వకీలుగారి ఇంట్లో మట్టికుండే. అయినా అందరూ ఆ మాటే పదేపదే చెప్పుకున్నారు.

కానీ అదే తీర్పులో ఇంకో సంగతి ఉంది, దాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు. కంపెనీ రైలు కిరాయి కూడా మినహాయించమని అడిగింది. రూలు ఏమంటే, కిరాయిని ధరలో కలపకుండా బిల్లులో విడిగా రాసి వసూలు చేస్తేనే మినహాయింపు. వీళ్ల బిల్లుల్లో ధర కిరాయితో కలిపి ఉందని తేలింది. ఆ మెట్టు ఓడిపోయినారు. చూసినావా అబ్బీ, నూనె అణువుల దగ్గర గెలిచినవాళ్లు బిల్లు పుస్తకం దగ్గర ఓడినారు. అందుకే నీ అంగడి బిల్లుల్లో కూలీ, కిరాయి ఎట్ల రాస్తున్నావో ఒకసారి తీసి చూపించమంటా ఉంటా, నువ్వు నవ్వుతావు.

ఏది ఏ సరుకు అనే తగాదాలు మా కాలంలో ఎన్ని చూసినామో. మహారాష్ట్ర అకోలా నుంచి తమలపాకుల కేసు వచ్చింది, 1961. తమలపాకు కూరగాయా, కాదా? కాదన్నారు. జనం కూరగాయ అంటే దేన్ననుకుంటారో అదే, శాస్త్రం పుస్తకాల్లో ఏముందో అక్కర్లేదు అన్నారు. హర్యానా కర్నాల్ వాళ్ల కేసులో 1973లో ధాన్యం వేరు, బియ్యం వేరు అన్నారు. సరేనా? ఐదేళ్లకు మన తెలుగువాళ్లు అటుకులు, మరమరాలు మోసుకుని ఢిల్లీ పోయినారు. అవి బియ్యం కిందికొస్తే పన్ను ఒక తీరు, రాకపోతే ఇంకో తీరు. హైకోర్టు సర్కారు పక్షం చెప్పింది. 1978లో సుప్రీంకోర్టు, ఛీఫ్ జస్టిస్ బేగ్ గారు, ఆంధ్ర చట్టంలో రాసిన బియ్యం అన్న మాటలో అటుకులూ మరమరాలూ ఇమిడే ఉన్నాయన్నాడు. వడ్లు దంచితే ఇక వడ్లు కాదన్న కోర్టే, బియ్యం వేపితే మళ్లీ బియ్యమే అన్నట్టు. నవ్వకండి. చట్టంలో ఆ పద్దు ఏ సందర్భంలో రాసినారనేది చూడాల, సరుకు ఒక్కదాన్నే చూస్తే కుదరదు. అది మా వకీలుగారి మాట, నాకైతే ఇప్పటికీ కొంచెం తిరకాసుగానే ఉంటుంది.

పాపా, నీకు పనికొచ్చేది ఇప్పుడొస్తుంది. ఆ నూనె కంపెనీకే ఇంకో కథ ఉంది, ఈసారి పన్నుది కాదు, అచ్చంగా నీ ప్రొసీజర్ కోడుది. మొదటి కేసులో ఢిల్లీ పోవడానికి హైకోర్టు 1956లో సర్టిఫికెట్టు ఇచ్చింది, ఇది సుప్రీంకోర్టు తేల్చాల్సిన ప్రశ్నే అని. తర్వాతి ఏండ్ల పన్ను మీద కంపెనీ మళ్లీ ఓడి, అదే ప్రశ్న మీద మళ్లీ సర్టిఫికెట్టు అడిగింది. 1959లో అదే హైకోర్టు, ఇందులో పెద్ద చట్టం ప్రశ్న ఏమీ లేదు పొమ్మంది. ఎట్లుంది? ఒకే ప్రశ్న, ఒకే కంపెనీ, ఒకే కోర్టు! అప్పుడు వీళ్లు ఆర్డరు 47, రూలు 1 కింద రివ్యూ వేసినారు. అయ్యా, మీరే మొన్న అవునన్నారు, ఇవాళ కాదంటున్నారు, రికార్డు తెరిస్తే కనబడుతోంది, సరిచేయండి అని. అదీ కొట్టేసినారు.

ఆ రివ్యూ తగాదా మళ్లీ ఢిల్లీ పోతే, 1963 అక్టోబరులో అదే రాజగోపాల అయ్యంగారు తీర్పు రాసినాడు. రివ్యూ అంటే మారువేషం వేసుకున్న అప్పీలు కాదు. తీర్పు తప్పని నీకు అనిపించినంత మాత్రాన రివ్యూ రాదు. గంటలకొద్దీ వాదిస్తే గాని బయటపడని తప్పుకు అప్పీలు ఉంది. రికార్డు చూడగానే, రెండో అభిప్రాయానికి తావు లేకుండా కంటికి కొట్టే తప్పుకే రివ్యూ. ఇక్కడ ఉన్నది అట్లాంటి తప్పే కాబట్టి రివ్యూ ఒప్పుకోవాల్సిందే అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పినాడు. రివ్యూ వేసిన రోజు నాటికి అప్పీలు లేకపోతే చాలు, ఆ తర్వాత అప్పీలు వేసుకున్నా రివ్యూ చావదు. ఇప్పటికీ దేశంలో ఏ కోర్టులో రివ్యూ వాదన జరిగినా మన కర్నూలు నూనె కంపెనీ పేరు పలకాల్సిందే. మీ మాస్టరు కూడా పలికే ఉంటాడు, నువ్వు నిద్రలో ఉండి ఉంటావు.

అదే కర్నూల్లో ఆ రోజుల్లోనే ఇంకో కేసు నడిచింది. ఇల్లూరి సుబ్బయ్య శెట్టి అండ్ సన్స్ అని కమీషన్ వ్యాపారం చేసే సంస్థ. 1952 నుంచి రెండేళ్ల లెక్కల్లో బుడ్డల మీద తమ దగ్గర వసూలు చేయకూడని పన్ను వసూలు చేసినారని వీళ్ల మనోవేదన. ఏం చేసినారు? 1955లో నేరుగా కర్నూలు సబ్ కోర్టులో దావా వేసినారు, మా డబ్బు మాకు ఇప్పించండి అని. సబ్ జడ్జి డిక్రీ ఇచ్చినాడు. ఊళ్లో బుడ్డల షావుకార్లకు పండగే పండగ. ప్రతివాడూ పాత చలాన్లు వెతుక్కున్నాడు. మా అరుగు మీదికీ ఒకరిద్దరు వచ్చినారు. మా వకీలుగారు మాత్రం అప్పీలులో నిలవదు, దావా ఖర్చులు దండగ అని తిప్పి పంపినాడు. ఫీజు వచ్చే కేసు వదిలేసినందుకు నేను లోపల లోపలే నొచ్చుకున్నా.

హైకోర్టు డిక్రీ కొట్టేసింది. 1963లో సుప్రీంకోర్టూ అదే అనింది. ఎందుకంటే మద్రాసు చట్టంలో సెక్షను 18-ఎ అని ఒకటి ఉంది: ఈ చట్టం కింద చేసిన అసెస్‌మెంటును దావా వేసి కొట్టేయించుకోవడానికి లేదు. అసెస్‌మెంటు తప్పైతే అప్పీలు ఉంది, రివిజన్ ఉంది, ట్రిబ్యునలు ఉంది, హైకోర్టు ఉంది. ఆ మెట్లన్నీ వదిలేసి సివిల్ కోర్టు తలుపు తడితే తీయరు. పైగా వీళ్లు ఆ టర్నోవరును తమ రిటర్నుల్లో తామే చూపించుకున్నారు, అప్పీలూ వేసుకోలేదు. కోర్టు ఆ సంగతి కూడా ఎత్తి చూపింది. ఆ తీర్పు చట్టప్రకారం సరైనదే. అయినా కట్టకూడనిది కట్టినా సర్కారు దగ్గరే ఉండిపోతుందనే మాట ఆ రోజు నాకు మింగుడు పడలేదు, ఈ రోజూ పడదు.

దీనికి రెండో పక్క 1968లో వచ్చింది, ఉజ్జయిని పొగాకు వ్యాపారుల కేసు, ధూలాభాయి కేసంటారు. అక్కడా దావానే, అక్కడా దావా వేయరాదనే సెక్షను ఉంది. కానీ ఛీఫ్ జస్టిస్ హిదాయతుల్లా గారు ఆ దావా చెల్లుతుందన్నాడు, డబ్బు వెనక్కి ఇవ్వమన్నాడు. తేడా ఎక్కడంటే, ఉజ్జయిని వాళ్ల దగ్గర వసూలు చేసిన పన్నే రాజ్యాంగానికి విరుద్ధం. బయటి రాష్ట్రం పొగాకు మీద వేసి, లోపలి దాని మీద వేయలేదు. చట్టానికే చెల్లుబాటు లేనప్పుడు దాని కింద అప్పీలు వేసుకోమనడం ఏం మాట? మన కర్నూలు వాళ్ల కేసులో చట్టం మంచిదే, లెక్కే తప్పు. ఏ సందర్భంలో సివిల్ కోర్టు తలుపు మూసి ఉంటుంది, ఏ సందర్భంలో తెరిచి ఉంటుందో ఆయన ఏడు సూత్రాలుగా పేర్చి పెట్టినాడు. అవి పరీక్షకు రాక తప్పదు, నేర్చుకో. అందులో మన ఇల్లూరి వాళ్ల కేసు చర్చా ఉంటుంది.

అప్పీలు అంటే గుర్తొచ్చింది, బాపట్ల కేసు. గరికపాటి వీరయ్య కేసు అని పేరు. 1949 ఏప్రిల్‌లో బాపట్ల సబ్ కోర్టులో దావా వేసినారు, విలువ 11,400. ఆ రోజుల్లో పై కోర్టుకు పోవడానికి 10,000 విలువుంటే చాలు. మధ్యలో రాజ్యాంగం వచ్చి దాన్ని 20,000 చేసింది. బాపట్లలో దావా ఓడిపోయినాడు వాది. మద్రాసులో వేసిన అప్పీలు గుంటూరు హైకోర్టుకు మారి, 1955లో అక్కడ గెలిచినాడు. ఓడినవాడు ఢిల్లీ పోదామంటే 20,000 లేదు పొమ్మన్నారు. 1957 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఏమందంటే, అప్పీలు హక్కు తీర్పు వచ్చిన రోజు పుట్టేది కాదు, దావా దాఖలైన రోజే పుడుతుంది. తర్వాత వచ్చిన చట్టం ఆ హక్కును తీసేస్తున్నానని స్పష్టంగా చెప్తే తప్ప అది పోదు. వెంకటరామ అయ్యరు గారు మాత్రం ఒప్పుకోలేదు, వేరే అభిప్రాయం రాసినాడు. మిగతావాళ్ల మాటే నిలిచింది.

ఇదే మాట సేల్ట్యాక్సులో అంతకు ముందే, 1953లో, హుసేన్ కాసిం దాదా కేసులో వచ్చింది. అది సెంట్రల్ ప్రావిన్సెస్ వైపుది. అసెస్‌మెంటు మొదలైనప్పుడు, ఒప్పుకున్న పన్ను కడితే అప్పీలు వినాల. మధ్యలో చట్టం మార్చి, వేసిన పన్నంతా కట్టి రసీదు తెస్తేనే వింటామన్నారు. కుదరదంది కోర్టు. వాళ్ల తగాదా మొదలైన నాటి రూలే వాళ్లకు. డబ్బు కట్టలేనివాడికి అప్పీలు ఉండీ లేనట్టే కదా. నన్నడిగితే ఈ దేశంలో చిన్న వ్యాపారి కోసం చెప్పిన మంచి మాటల్లో అదొకటి. కానీ తర్వాత ఏం చేసినారు? మొదటి నుంచే రూలు అట్ల రాసేసినారు. 2005లో వ్యాట్ వచ్చినాక మన రాష్ట్రంలో మొదటి అప్పీలుకు తగాదాలో ఉన్న పన్నులో నూటికి పన్నెండున్నర, ట్రిబ్యునలుకు పాతిక. మధ్యలో మారిస్తే తప్పన్నారు గాని, మొదట్లోనే రాస్తే ఎవరేమంటారు?

ఇక గడువు. నా పనంతా దాని చుట్టూనే తిరిగింది. తీర్పు రాగానే నేను చేసే మొదటి పని నకలు దరఖాస్తు. అప్పీలు గడువు ముప్పై రోజులైనా తొంభై రోజులైనా, నకలు తయారుకావడానికి కోర్టు తీసుకున్న రోజులు లిమిటేషన్ చట్టం సెక్షను 12 ప్రకారం లెక్కలోంచి తీసేస్తారు. నకలు వెనక ఒక ముద్ర ఉంటుంది. దరఖాస్తు ఇచ్చిన తేదీ, స్టాంపులు అడిగిన తేదీ, స్టాంపులు దాఖలు చేసిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ, తీసుకున్న తేదీ. జూనియర్ వకీళ్లు తీర్పు చదువుతారు, గుమాస్తా మొదట వెనక్కి తిప్పి ఆ ముద్ర చూస్తాడు. స్టాంపులు అడిగిన రోజుకూ, మనం ఇచ్చిన రోజుకూ మధ్య జాగు చేస్తే ఆ రోజులు మన ఖాతాలోనే పడతాయి. నోటీసు బోర్డు మీద ఆ స్టాంపుల లిస్టు వేలాడేది, పొద్దున కోర్టుకు పోగానే దాని ముందు నిలబడాల. కక్షిదారుకు తెలియదు, కొన్నిసార్లు వకీలుకూ తెలియదు. గుమాస్తాకు తెలియకపోతే కేసు పోయినట్టే.

నాలుగైదు రోజులు ఆలస్యమైతే కోర్టులు క్షమిస్తాయి, నిజమే. కారణం చెప్పాల, అఫిడవిట్ వేయాల. కానీ పన్ను చట్టాల్లో కొన్ని చోట్ల క్షమించడానికే హద్దు పెట్టినారు. రాజమండ్రి దగ్గర హార్లిక్స్ చేసే కంపెనీ ఉండేది కదా, గ్లాక్సో వాళ్లది. వాళ్ల వ్యాట్ అసెస్‌మెంటు ఆర్డరు 2017 జూన్‌లో అందింది. అప్పీలుకు ముప్పై రోజులు, సబబైన కారణం ఉంటే ఇంకో ముప్పై, అంతే. వాళ్లు అప్పీలు వేసింది 2018 సెప్టెంబరులో. పన్నుల పని చూసే ఉద్యోగి సంగతి పైకి చెప్పలేదని కారణం రాసినారు. అప్పీలు తీసుకోలేదు. హైకోర్టులో రిట్ వేస్తే హైకోర్టు దయతలిచి ఆర్డరు కొట్టేసింది. 2020 మే నెలలో సుప్రీంకోర్టు ఆ దయను కొట్టేసింది. శాసనసభ అరవై రోజులని రాసినప్పుడు, అవి దాటినాక రిట్ దారిలో వచ్చి అదే పని చేయించుకోవడానికి లేదు అనింది. అంత పెద్ద కంపెనీ! లాయర్ల ఫీజులకు లోటు లేదు. కాగితం అందిన రోజు దాని మీద తేదీ వేసి, వేలు పెట్టి రోజులు లెక్కపెట్టే గుమాస్తా ఒక్కడు దొరకలేదా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇప్పుడు అంతా కంప్యూటర్లో అంటారు. మంచిదే. ఆర్డరు పోర్టల్లో పెడతారు, అంగట్లో కూర్చున్నవాడు దాన్ని చూడడు. జీఎస్టీలో పై ట్రిబ్యునలుకు చట్టం 2017లోనే రాసినా, దానికి అధ్యక్షుడు ప్రమాణం చేసింది 2024 మేలో. అన్నాళ్లు రెండో అప్పీలు వేయాల్సినవాళ్లు హైకోర్టుల చుట్టూ తిరిగినారు. సర్కారు ఏడేళ్లు ఆలస్యం చేస్తే దానికి క్షమాపణ అఫిడవిట్ ఎవరూ అడగలేదు. మనకు మాత్రం లెక్క గట్టిది. మొదటి అప్పీలుకు ఆర్డరు అందిన నాటి నుంచి మూడు నెలలు, కారణం చూపితే ఇంకో నెల. ఒప్పుకున్న పన్నంతా, తగాదాలో ఉన్నదాంట్లో నూటికి పది ముందే కట్టి ఉండాల. ఆ నాలుగో నెల దాటితే అప్పీలు తీసుకునే అధికారం ఆ అధికారికే లేదు.